గేమ్ డెవలపర్ల నోటికి తాళం వేసిందెవరు?

2013 జులైలో కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 2 గేమ్‌కి ఒక చిన్న ప్యాచ్, అంటే విడుదలయ్యాక చేసే సవరణ, వచ్చింది. డీఎస్ఆర్ 50 అనే స్నైపర్ తుపాకి ఒక తూటాకీ మరో తూటాకీ మధ్య తీసుకునే సమయాన్ని 0.2 సెకన్ల నుంచి 0.4 సెకన్లకు పెంచారు. బాలిస్టా అనే మరో తుపాకికి సెకనులో పదో వంతు పెంచారు. ఏఎన్-94 అనే ఇంకో తుపాకి దెబ్బ తీవ్రతను కాస్త తగ్గించారు. ఆన్‌లైన్ గేముల్లో ఇది మామూలు పనే. ఒకే తుపాకి పట్టుకున్నవాడు ప్రతిసారీ గెలుస్తుంటే మిగతావాళ్ళు ఆట మానేస్తారు కాబట్టి దాని బలం కొంచెం తగ్గిస్తారు. గేమర్ల భాషలో నెర్ఫ్ చేయడం. ఈ మార్పుల సంగతి ఆటగాళ్ళకు చెప్పింది ఆ గేమ్ తయారుచేసిన ట్రెయార్క్ స్టూడియోలో డిజైన్ డైరెక్టర్ డేవిడ్ వాండర్‌హార్. ఇక ట్విటర్‌లో మొదలైంది: నిన్ను చంపుతాం, నీ ఇంట్లోవాళ్ళని చంపుతాం అంటూ. ఈ సెకన్ల ముక్కల కోసం ఇంత హింస గురించి మాట్లాడాలా అన్న అర్థంలో ఆయన తర్వాత ఒక మాట రాశారు.

ఈ కథ చెప్పేవాళ్ళంతా బెదిరింపుల దగ్గరే ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించేది ఇంకోటుంది. వాండర్‌హార్ చేసిన తప్పల్లా, ఏం మార్చారో అంకెలతో సహా, సొంత పేరుతో, అందరి ముందూ మాట్లాడటం. ‘కొన్ని ఆయుధాల్లో స్వల్ప మార్పులు చేశాం’ అని కంపెనీ పేరుతో ఒక ముక్క పడేసి ఊరుకుంటే తిట్లు కంపెనీకి పోయేవి. కంపెనీకి ఇల్లూ పిల్లలూ ఉండరు. వివరంగా చెప్పినవాడికి శిక్ష, దాటవేసినవాడికి ఏమీ లేదు. డెవలపర్లకీ ఆటగాళ్ళకీ మధ్య మాటలు ఇంత పొడిపొడిగా ఎందుకు తయారయ్యాయో తెలియాలంటే ఈ లెక్క దగ్గర మొదలుపెట్టాలి.

2017 సెప్టెంబర్‌లో ఈ వ్యవహారం మూడు వైపుల నుంచి బయటపడింది. నెల మొదట్లో జెనిఫర్ షోయర్లె అనే గేమ్ డిజైనర్ తోటి డెవలపర్లను ట్విటర్‌లో ఒక సరదా ప్రశ్న అడిగారు: ఆటగాడికి తెలియకుండా మీరు గేముల్లో దాచిన కిటుకులేమిటి? ముందు తనే ఒకటి చెప్పారు. అసాసిన్స్ క్రీడ్, డూమ్ లాంటి గేముల్లో మన ప్రాణం సూచించే గీత చివరికొచ్చాక, ఆ చివరి ముక్క కంటికి కనిపించేదానికంటే ఎక్కువ దెబ్బలు కాస్తుంది. చచ్చేవాడినే, వెంట్రుకవాసిలో బయటపడ్డాను అన్న థ్రిల్ మనకు కలగాలని అలా పెడతారు. బయోషాక్‌లో శత్రువు మన మీద పేల్చే మొదటి తూటా కావాలనే గురి తప్పుతుందని ఆ గేమ్ మీద పనిచేసినాయన చెప్పారు. అలా ఎంతోమంది తమ గుట్టు విప్పారు. గేమ్ డిజైన్ నేర్చుకుందామనుకునే కుర్రాళ్ళకి అది ఉచితంగా దొరికిన క్లాసు. చదివినవాళ్ళలో కొందరు మాత్రం ‘ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశారన్నమాట’ అని విరుచుకుపడ్డారు.

ఆ నెల చివర్లో, గతంలో యుబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీలో పనిచేసిన చార్లెస్ రాండల్ వరసగా ట్వీట్లు పెట్టారు. గేమ్ డెవలపర్లు తమ పని గురించి మనసు విప్పి ఎందుకు మాట్లాడరు అని ఒక స్నేహితుడు అడిగిన ప్రశ్నకి అది జవాబు. ఆటగాళ్ళ టాక్సిక్ ప్రవర్తనే, అంటే ఈ తిట్లూ బెదిరింపులే, కారణమని ఆయన సూటిగా రాశారు. పదేళ్ళ కిందటి గేములో చేసిన వెర్రి పనుల గురించి సరదాగా చెప్పుకోవాలన్నా భయమేనట, ఎవరో వచ్చి అరుస్తారు. అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ గురించి కూడా ఆయన రాశారు. ఇంజిన్ మార్చేస్తే సరిపోతుందిగా, మల్టీప్లేయర్ పెట్టడానికి ఏం రోగం, ఇలాంటి సలహాలన్నమాట. ఇంజిన్ అంటే గేమ్ మొత్తం నిలబడే పునాది సాఫ్ట్‌వేర్. మధ్యలో దాన్ని మార్చడమంటే అప్పటిదాకా చేసిన పనిలో చాలా భాగం మళ్ళీ మొదటికి రావడం. ఈ మాట ఓపికగా చెప్పబోయినవాడికి ‘సాకులు చెప్పకు’ అన్న జవాబు వస్తుంటే, రెండోసారి చెప్పడానికి ఎవరు ముందుకొస్తారు?

మూడోది ఓవర్‌వాచ్ అనే ఆన్‌లైన్ గేమ్‌కి అప్పటి డైరెక్టర్ జెఫ్ కాప్లన్ అదే నెలలో విడుదల చేసిన వీడియో. ఆయన అందులో మాట్లాడింది ఆటగాళ్ళు ఆటగాళ్ళనే తిట్టుకోవడం గురించి. అప్పటికి 4,80,000కు పైగా ఖాతాల మీద చర్య తీసుకున్నామని, వాటిలో 3,40,000 ఆటగాళ్ళ ఫిర్యాదుల వల్ల దొరికినవేనని చెప్పారు. తమ టీమ్ సమయం దీనికే ఖర్చయిపోతోందని, పాత మ్యాచ్ మళ్ళీ చూసుకునే రీప్లే లాంటి సదుపాయాల మీద పెట్టాల్సిన శ్రమను చెడు ప్రవర్తనను కట్టడి చేయడానికి పెట్టాల్సి వస్తోందని వివరించారు. అంటే తిట్టేవాడి వల్ల తిట్టించుకున్నవాడికే కాదు, ఆ గొడవతో సంబంధం లేకుండా నిశ్శబ్దంగా ఆడుకునేవాడికి రావాల్సిన ఫీచర్ కూడా ఆలస్యమవుతుంది. అదే కాప్లన్ ఇంకో సందర్భంలో డెవలపర్లు ఎందుకు వెనకాడతారో చెబుతూ, ఒకసారి ‘దీని మీద పనిచేస్తున్నాం’ అంటే అది మాట ఇచ్చినట్టే లెక్క, ఇక వెనక్కి తీసుకోలేం అన్నారు. గేమ్ తయారీలో సగం ఆలోచనలు మధ్యలోనే చెత్తబుట్టలోకి పోతాయి. పనిచేయవని తేలినవాటిని వదిలేయడం ఈ వృత్తిలో భాగం. బయటివాళ్ళకి మాత్రం అది ‘మాట తప్పారు’ అని కనిపిస్తుంది.

ఇంతా చేసి ఇలా ప్రవర్తించేది కొద్దిమందేగా, పట్టించుకోకపోతే పోలా అని అడగొచ్చు. పది లక్షల మంది ఆడే గేమ్ తీసుకోండి. వెయ్యిమందిలో తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది బుద్ధిమంతులే అనుకుందాం. మిగిలిన ఆ ఒక్కొక్కరూ ఒక్కో మెసేజ్ పెడితే వెయ్యి మెసేజ్‌లు. అవన్నీ వెళ్ళేది ఒకే మనిషి ఫోన్‌కి, ఒకే సాయంత్రం. పంపినవాడు పంపింది ఒకటే కాబట్టి ‘కోపంలో ఏదో అన్నాను’ అనుకుని నిద్రపోతాడు. అందుకున్న మనిషి మాత్రం అందులో ఏది ఉత్తుత్తి కోపమో, ఎవడు నిజంగా ఇంటి అడ్రస్ వెతుకుతున్నాడో తేల్చుకోవాలి. గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ వాళ్ళు 2023లో ప్రచురించిన సర్వేలో డెవలపర్లలో 91 శాతం మంది ఆటగాళ్ళ వేధింపులు ఒక సమస్యేనన్నారు. చాలా తీవ్రమైన సమస్య అన్నవాళ్ళు 42 శాతం.

కాలం గడిచినా రక్షణ లేదు. బయోవేర్ అనే గేమ్ స్టూడియో రచయిత్రి జెనిఫర్ హెప్లర్ 2006లో ఒక ఇంటర్వ్యూలో, కథ ఇష్టపడేవాళ్ళు ఫైటింగ్ దాటేసి ముందుకెళ్ళే వీలుంటే బాగుంటుందని అన్నారు. ఆరేళ్ళ తర్వాత ఎవరో దాన్ని తవ్వి తీశారు. ఇంటికి ఫోన్లు, పిల్లల పేరు ఎత్తి బెదిరింపులు. ఆడవాళ్ళు నోరు తెరిస్తే వచ్చేవాటి రుచి వేరుగా ఉంటుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఏ తెలుగు యాంకర్ ఫొటో కింద కామెంట్లు చదివినా తెలుస్తుంది.

ఇప్పుడు స్టూడియో లోపల ఏం జరుగుతుందో చూడండి. ఒక దెబ్బ తగిలాక మేనేజ్‌మెంట్ నుంచి మాట వస్తుంది: ఇకమీదట ఎవరూ నేరుగా జవాబులివ్వొద్దు. డిజైనర్ రాసింది ముందు ఆటగాళ్ళతో మాట్లాడే బాధ్యత ఉన్న కమ్యూనిటీ మేనేజర్ చూస్తారు, తర్వాత మార్కెటింగ్, అవసరమైతే లాయరు. అన్ని చేతులూ దాటేసరికి ‘ఈ తుపాకిని ఎందుకు తగ్గించామంటే’ అన్న వాక్యం పోయి ‘మీ అభిప్రాయాలను నిశితంగా గమనిస్తున్నాం’ మిగులుతుంది. చదివినవాడికి ఒళ్ళు మండుతుంది, న్యాయంగానే. వీళ్ళు మనల్ని పిచ్చోళ్ళను చేస్తున్నారనుకుంటాడు. అసలు సమాచారం లేని చోటికి లీకులూ, ‘లోపలివాళ్ళు చెప్పారు’ అనే యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళూ వచ్చి కూర్చుంటాయి. అవి పెంచిన ఆశలు నెరవేరకపోతే తిట్లు మళ్ళీ స్టూడియోకే. ఆ తిట్లు చూసి స్టూడియో ఇంకాస్త ముడుచుకుంటుంది.

నో మ్యాన్స్ స్కై అనే గేమ్ కథలో ఇదంతా ఒకే చోట కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో హలో గేమ్స్ అనే చిన్న స్టూడియో, నాయకుడు షాన్ మరే. కంప్యూటర్ లెక్కలతో పుట్టుకొచ్చే కోటానుకోట్ల గ్రహాలు, ఏ గ్రహం మీదైనా దిగొచ్చు. మరే ఇంటర్వ్యూల్లో ఉత్సాహంగా, కొంచెం ఎక్కువ ఉత్సాహంగానే, అన్నిటికీ అవునవునని చెప్పుకుంటూ పోయారు. 2016 జూన్‌లో రావాల్సిన గేమ్ ఆగస్టుకి వాయిదా పడింది. ఏడు వారాలు. అంతమాత్రానికే చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. వాయిదా వార్తను ముందుగా బయటపెట్టిన విలేకరికీ వచ్చాయి.

మన దగ్గర హీరో కొత్త సినిమా అప్‌డేట్ ఇవ్వలేదని నిర్మాణ సంస్థల మీద అభిమానులు హ్యాష్‌ట్యాగ్‌లతో పడిపోవడం చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక సినిమా వేడుకలో జూనియర్ ఎన్టీఆర్, అప్‌డేట్ల కోసం దర్శక నిర్మాతల మీద ఒత్తిడి పెట్టొద్దని, నిజంగా చెప్పుకోదగ్గదేమైనా ఉంటే తన భార్యకంటే ముందు అభిమానులకే చెబుతానని బతిమాలుకోవాల్సి వచ్చింది. పోలిక అక్కడితో సరి. సినిమా విడుదలయ్యాక దర్శకుడి పని అయిపోతుంది. ఆన్‌లైన్ గేమ్ చేసేవాడు విడుదల తర్వాత కూడా ఏళ్ళ తరబడి అదే జనంతో రోజూ ముఖం చూసుకుంటూ బతకాలి.

ఆగస్టులో నో మ్యాన్స్ స్కై వచ్చింది. మొదటి రోజే ఇద్దరు ఆటగాళ్ళు ఒకే గ్రహం మీద ఒకే చోట నిలబడ్డారు. ఒకరికొకరు కనిపించలేదు. ఆటగాళ్ళు ఒకరినొకరు కలవొచ్చు, కాకపోతే అది చాలా అరుదు అన్నట్టుగా మరే గతంలో చెప్పిన మాటలు ఉన్నాయి. 60 డాలర్లు పెట్టి కొన్నవాడికి కోపం రావడం సబబే, ఈ విషయంలో మరేని వెనకేసుకురావాలని నాకు లేదు. కానీ ఆ కోపం ఎంత దూరం పోయిందో ఆయనే 2018లో గార్డియన్ పత్రికకు చెప్పారు. బాంబు బెదిరింపులు, పోలీసులతో మాటలు, వీటి మధ్య ఒక హత్యా బెదిరింపుకి కారణం సీతాకోకచిలుకలు. మొదటి ట్రైలర్‌లో కనిపించాయి, విడుదలైన గేమ్‌లో లేవు.

స్టూడియో మూగబోయింది. నెలల పాటు ఒక్క మాట లేదు. ఆ నిశ్శబ్దం చూసి డబ్బులు తీసుకుని పారిపోయారన్నవాళ్ళు చాలామంది. వాళ్ళు నిజానికి లోపల కూర్చుని పనిచేస్తున్నారు. నవంబర్ చివర్లో ఫౌండేషన్ అనే మొదటి పెద్ద అప్‌డేట్ వచ్చింది, 2018 జులైలో నెక్స్ట్ అనే అప్‌డేట్‌తో ఆటగాళ్ళు నిజంగా ఒకరినొకరు చూసుకోగలిగారు. అన్నీ ఉచితం. ఏం చెప్పినా నమ్మే స్థితి లేనప్పుడు చెప్పడం దండగ, పని పూర్తి చేసి చూపిద్దాం అనుకున్నామని మరే తర్వాత వివరించారు. 2024 నాటికి గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఆ గేమ్ మొత్తం రివ్యూల సగటు ‘వెరీ పాజిటివ్’కి చేరింది. పరిశ్రమలో దీన్ని గొప్ప పునరాగమనంగా చెప్పుకుంటారు. నిజమే. కాకపోతే పరిశ్రమ దీన్నుంచి నేర్చుకున్న పాఠం ‘ఆటగాళ్ళతో మాట్లాడకపోవడమే మంచిది’ అన్నది. పూర్తి ధర పెట్టి కొని, లోపం ఎప్పుడు సరిచేస్తారని మర్యాదగా అడిగినవాడికి కూడా ఆ నెలల్లో జవాబు రాలేదు. సీతాకోకచిలుకల కోసం కత్తి దూసినవాడు ఈ మర్యాదస్థుడి ప్రశ్నకీ జవాబు లేకుండా చేశాడు.

అయితే ఇక్కడ కంపెనీల పక్షాన మరీ జాలిపడిపోకూడదు. ఆటగాళ్ళ కోపం లేకపోతే చాలా తప్పులు సరిదిద్దుకునేవే కావు. 2017 నవంబర్‌లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో ముఖ్య పాత్రలు దక్కాలంటే గంటల కొద్దీ ఆడాలి, లేదా డబ్బు ఖర్చు పెట్టి తొందరపడాలి. ఆ గేమ్‌ను ప్రచురించిన ఈఏ కంపెనీ దాన్ని సమర్థించుకుంటూ రెడిట్ అనే చర్చా వేదికలో పెట్టిన జవాబుకి ఆరు లక్షలకు పైగా డౌన్‌వోట్లు (నచ్చలేదన్న ఓట్లు) పడి గిన్నిస్ రికార్డయింది. విడుదలకు ముందే ఆ కొనుగోళ్ళను ఆపేశారు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడే పీసీ ఆటగాళ్ళంతా ప్లేస్టేషన్ ఖాతా పెట్టుకోవాల్సిందేనని ఆ గేమ్‌ను ప్రచురించిన సోనీ ప్రకటించింది. ఆ సేవే లేని దేశాల్లో కూడా గేమ్ అమ్మారు మరి. స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా చెడ్డ రివ్యూలు పడ్డాయి, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. దీన్ని టాక్సిక్ ప్రవర్తన అనలేం. వినియోగదారులు తమ చేతిలో ఉన్న ఏకైక ఆయుధాన్ని వాడారు.

కానీ ఆ హెల్‌డైవర్స్ గొడవనే ఇంకొంచెం దగ్గరగా చూడండి. నిర్ణయం సోనీది. గేమ్ తయారుచేసిన స్వీడన్ స్టూడియో ఆరోహెడ్ అప్పటి అధిపతి యోహాన్ పిలెస్టెడ్ ఇందులో తన పొరపాటు కూడా ఉందని బహిరంగంగా ఒప్పుకున్నారు, ఇలాంటి నిజాయితీ ఈ రంగంలో అరుదు. ఆటగాళ్ళను రిఫండ్ అడగమని, రివ్యూ రాయమని చెప్పిన ఒక కమ్యూనిటీ మేనేజర్ ఉద్యోగం పోయింది. స్టూడియో సిబ్బందికి వచ్చిన బెదిరింపులు తమకు కొత్త అనుభవమని పిలెస్టెడ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో అన్నారు. నిర్ణయం తీసుకున్నవాళ్ళ ఇన్‌బాక్స్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రోజూ మనతో మాట్లాడేవాడి ఇన్‌బాక్స్ తెలుసు. కాబట్టి దెబ్బలు వాడికే.

కమ్యూనిటీ మేనేజర్ ఉద్యోగం ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలిసింది తక్కువ. 2023 ఆగస్టులో ఓవర్‌వాచ్ 2 స్టీమ్‌లోకి వచ్చి, అక్కడ అత్యంత చెడ్డ రేటింగ్ ఉన్న గేమ్ అయింది. అప్పట్లో ఆ కమ్యూనిటీ టీమ్‌లో ఉన్న ఆండీ బెల్ఫర్డ్, ఇలా జరుగుతుందని తాము ముందే చెప్పామని, అదనపు సాయం అడిగితే ఇవ్వలేదని తర్వాత రాశారు. అభిమానులు వేధిస్తున్నారని ప్రకటనలు ఇచ్చే కంపెనీలు, ఆ వేధింపుకి ఎదురు నిలబెట్టిన మనుషుల మీద ఖర్చు పెట్టడానికి మాత్రం వెనకాడతాయి. విమర్శకీ వేధింపుకీ మధ్య గీతని కంపెనీలే తమకు అనువుగా చెరిపేసుకునే సందర్భాలూ ఉన్నాయి. బెదిరింపుల గురించి మాట్లాడుతుంటే, అసలు గేమ్ ఎందుకు పాడైందన్న ప్రశ్న పక్కకి పోతుంది కదా.

ఇలా ఆటగాళ్ళ వైపు వేలు చూపే కంపెనీలకు పూర్తి వ్యతిరేక దిశలో నడిచింది గిల్డ్ వార్స్ 2 చేసే అరీనానెట్. 2018 జులైలో రచయిత్రి జెసికా ప్రైస్ తన పని గురించి ట్విటర్‌లో రాస్తే, ఆ గేమ్ ఆడుతూ ఆన్‌లైన్‌లో చూపించే ఒక స్ట్రీమర్ మర్యాదగానే విభేదించాడు. ఆమె జవాబు కటువుగా ఉంది, నా దృష్టిలో అంత అవసరం లేదు. ఆటగాళ్ళు మండిపడ్డారు. రోజుల్లోనే కంపెనీ ఆమెనూ, ఆమె తరఫున మాట్లాడిన సీనియర్ రచయిత పీటర్ ఫ్రైస్‌నూ ఉద్యోగాల్లోంచి తీసేసింది. సెలవు రోజున సొంత ఖాతాలో అన్న మాటకి ఉద్యోగం పోతుందని ప్రపంచంలోని ప్రతి గేమ్ డెవలపరూ ఆ వారం తెలుసుకున్నాడు. మందగా వెళ్ళి గోల చేస్తే ఉద్యోగాలు తీయించవచ్చని కొందరు ఆటగాళ్ళూ తెలుసుకున్నారు.

బంజీ స్టూడియో ఎంచుకున్న దారి కోర్టు. డెస్టినీ 2 కమ్యూనిటీ మేనేజర్ ఒకరు, ఒక నల్లజాతి కళాకారుడి పనిని మెచ్చుకుంటూ పోస్ట్ పెట్టినందుకు, ఒక ఆటగాడు జాతి దూషణలతో ఫోన్లు చేసి, ఆయన భార్యకూ సందేశాలు పంపి, ఇంటికి పిజ్జా ఆర్డర్ చేసి భయపెట్టాడు. 2023 జులైలో వాషింగ్టన్ రాష్ట్ర కోర్టు ఆ వేధింపుల వల్ల కంపెనీకి అయిన ఖర్చును అతనే కట్టాలని తీర్పిచ్చింది, దాదాపు 4,89,000 డాలర్లు. జపాన్‌లో స్క్వేర్ ఎనిక్స్ లాంటి కంపెనీలు సిబ్బందిని వేధించే వినియోగదారులకు సేవలు నిలిపేస్తామని, అవసరమైతే పోలీసుల దగ్గరకు వెళ్తామని రాతపూర్వక విధానాలు ప్రకటించాయి. తీర్పు బాగానే ఉంది. కానీ 2022లోనే బంజీ వాళ్ళు, బెదిరింపుల వల్ల తాము మాట్లాడటం తగ్గించామని చెప్పేశారు. ఓ డిజైనర్, పాత గేమ్‌లోని ఒక కవచం తిరిగి రాదని చెప్పినందుకు తిట్లు తిని ట్విటర్ వదిలేశారు. ఆ తర్వాత సాంకేతిక ప్రశ్నలకు జవాబులు డెస్టినీ 2 టీమ్ అనే ఉమ్మడి ఖాతా నుంచి రావడం మొదలైంది. కవచం గురించి ఇప్పుడు అడిగితే ఎవరు జవాబిచ్చారో తెలియదు. ఎందుకలా నిర్ణయించారో అడగడానికి మనిషి లేడు.

ప్రతి నిశ్శబ్దానికీ ఆటగాళ్ళే కారణమనీ కాదు. 2022 జులై చివర్లో బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే గేమ్ మన దేశంలో యాప్ స్టోర్లలోంచి మాయమై, తిరిగి వచ్చింది 2023 మేలో. ఎప్పుడొస్తుందని ఎవరెంత అడిగినా దాన్ని నడిపే క్రాఫ్టన్ కంపెనీ చేతిలో తేదీ లేదు. అది ప్రభుత్వం చేతిలో ఉంది. హైదరాబాద్‌లోనూ పెద్ద గేమ్ కంపెనీల ఆఫీసులున్నాయి. అక్కడ పనిచేసే మన పిల్లలు ఒప్పందాల ప్రకారం తమ ప్రాజెక్టు పేరు కూడా బయట చెప్పలేని సందర్భాలుంటాయి. ‘ఎందుకు చెప్పరు’ అని అడిగేముందు, చెప్పగలిగే స్థితిలో ఉన్నారా అన్నది కూడా చూడాలి.

గేమ్ బాగోలేదని ఎంత గట్టిగానైనా అనొచ్చు. డబ్బు వెనక్కి అడగొచ్చు, చెడ్డ రివ్యూ రాయొచ్చు, ఆడటం మానేయొచ్చు. వీటన్నిటికీ కంపెనీలు లొంగుతాయి, పైన చూశాం. మనిషి పేరు, ఇల్లు, పిల్లలు ఎత్తినప్పుడు కంపెనీ లొంగదు. ఆ మనిషిని తెర వెనక్కి లాగేసి, ఆ స్థానంలో ఒక లోగో పెడుతుంది.

షాన్ మరే టీమ్ 2023 డిసెంబర్‌లో లైట్ నో ఫైర్ అనే కొత్త గేమ్ ప్రకటించింది. భూమి అంత పెద్ద గ్రహం ఒకటి, అందరూ కలిసి ఆడొచ్చు. ఒక ట్రైలర్ చూపించారు, వేదిక మీద నాలుగు మాటలు చెప్పారు, విడుదల తేదీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత నెలల తరబడి అడిగినవాళ్ళకి ఆ స్టూడియో నుంచి వచ్చినవి చాలావరకు నో మ్యాన్స్ స్కై కొత్త అప్‌డేట్లే.